మన బండి, మన చెయ్యి

దుబ్బలపేట పశువుల ఆసుపత్రి జీపుకు ఒకే ఒక్క లోపం ఉండేది. అది చెడిపోయేది కాదు. పద్దెనిమిదేళ్ళుగా దాన్ని నడుపుతున్న డ్రైవర్ బుచ్చిరాములు, ఆసుపత్రి గేటుకు ఎదురుగా షెడ్డు పెట్టుకున్న మెకానిక్ జహంగీర్ ఇద్దరూ కలిసి దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. ఇంజను చప్పుడు కాస్త మారితే చాలు, బుచ్చిరాములు బండిని రోడ్డు దాటించి జహంగీర్ ముందు పెట్టేవాడు. జహంగీర్ చెవి ఒగ్గి విని, ఏదో ఒక నట్టు బిగించి పంపేసేవాడు. డాక్టర్ ఇందుమతి ఆ ఆసుపత్రికి వచ్చి నాలుగేళ్ళయినా, జీపు ముందు మూత కింద ఏముంటుందో ఎన్నడూ చూడలేదు. ఆమె పని గేదెలతో. అడ్డం తిరిగిన దూడను చేతి తడుముడుతోనే సరిచేసి బయటికి తీయగలదని చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళలో ఆమెకు పేరు.

ఇలా ఎవరికి వచ్చిన పని వాళ్ళు చేసుకుంటూ సుఖంగా ఉన్న రోజుల్లో, పశు సంక్షేమ శాఖ కమిషనర్ గారి సొంత కారు ఒక ఉదయం దారిలో ఆగిపోయింది. కమిషనర్ గారు దిగి, మూత ఎత్తి, కనిపించిన వాటిలో పెద్దదాన్ని చెప్పు మడమతో రెండు దెబ్బలు కొట్టారు. అది బ్యాటరీ. వదులైన తీగ మళ్ళీ అంటుకుని కారు బయలుదేరింది. మనలో ఎవరికైనా అలా జరిగితే ఇంటికెళ్ళి భార్యకు చెప్పుకుని ఊరుకుంటాం. కమిషనర్ గారు ఆఫీసుకెళ్ళి సర్క్యులర్ జారీ చేశారు.

పథకం పేరు ‘మన బండి - మన చెయ్యి’. శాఖలోని ప్రతి వాహనాన్నీ, అది ఎవరికి కేటాయించబడినదో ఆ వ్యక్తి మాత్రమే స్వహస్తాలతో మరమ్మతు చేయవలెను. మెకానిక్కులను ఆశ్రయించుట స్వావలంబనకు గొడ్డలిపెట్టు అయినందున నిషేధించడమైనది. డ్రైవర్లు కూడా ఒక విధముగా వృత్తి నిపుణులే కనుక మరమ్మతు సమయమున వాహనమునకు ఇరవై అడుగుల దూరములో ఉండవలెను. దూరము నుండి తల అడ్డముగా ఊపుట, నిట్టూర్చుట మొదలగునవి సాంకేతిక సలహాగా పరిగణించబడును.

సర్క్యులర్ చదివి ఇందుమతి పెద్దగా దిగులుపడలేదు. బండి చెడిపోతే కదా బాగుచేయడం, మనది చెడిపోయే రకం కాదు కదా అనుకుంది. నెలాఖరుకు వచ్చిన నమూనా పత్రంలో ‘ఈ నెల చేసిన మరమ్మతులు’ అన్న చోట ‘లేవు’ అని రాసి నిశ్చింతగా సంతకం పెట్టింది.

నాలుగో రోజున మెమో వచ్చింది. ఇతర మండలాల అధికారులు సగటున ఆరు మరమ్మతులు చేయగా మీరు ఒక్కటి కూడా చేయకపోవుటకు కారణమేమి? పథకము పట్ల మీకు గల ఉదాసీనతను ఏల తీవ్రముగా పరిగణించరాదు?

ఆమె జిల్లా కేంద్రానికి వెళ్ళి, జాయింట్ డైరెక్టర్ పురుషోత్తంరావు గారికి, జీపు బాగానే ఉందని విన్నవించుకుంది. పురుషోత్తంరావు గారు మంచివారే. ఎవరి మీదా కోపం లేనివారు. పైనుంచి వచ్చిన కాగితాన్ని కింద ఉన్నవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడమే జన్మకారణంగా బతుకుతున్నారు. బండి బాగుండటం వేరు, బాగుచేయబడటం వేరు అని ఆయన ఓపిగ్గా వివరించారు. బాగున్న బండిలో అధికారి కృషి ఎక్కడుంది? అది ఎవరో చేసిన బాగు. శాఖ లెక్కలోకి వచ్చేది మీరు చేసిన బాగు మాత్రమే. ఇంతకీ జీపు బాగుందని మీరు ఎలా నిర్ధారించారు, విప్పి చూశారా అని కూడా అడిగారు.

విప్పి చూడలేదని ఆమె ఒప్పుకోవలసి వచ్చింది.

మరునాడు ఇందుమతి ఆసుపత్రి ఆవరణలో జీపు మూత ఎత్తింది. బుచ్చిరాములు ఇరవై అడుగులు కొలిచి, కానుగ చెట్టు కింద స్టూలు వేసుకుని, తల ఊగకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. తేలిగ్గా ఊడివచ్చేలా కనిపించిన గుండ్రటి డబ్బా ఒకటి ఆమె విప్పింది. లోపల దుమ్ము ఉంది. దులిపి మళ్ళీ బిగించింది. అంతా అయ్యాక చూస్తే రెండు నట్లు, ఒక వాషర్ కింద మిగిలాయి. బండి మాత్రం స్టార్ట్ అయింది. పత్రంలో ఉన్నది ఉన్నట్టు రాసి, మిగిలిన వాటిని కవరులో పెట్టి జిల్లాకు పంపింది. ఉద్యోగం ఎలాగూ పోయేదే కదా అనే తెగింపు అది.

వచ్చింది మెమో కాదు, ప్రశంసాపత్రం. తక్కువ సామానుతో అదే బండిని నడపగలగడం పొదుపులో కొత్త అధ్యాయమనీ, ఇంతకాలం మెకానిక్కులు బండ్లలో అనవసరపు నట్లు బిగిస్తూ వచ్చారనడానికి ఇదే రుజువనీ కమిషనర్ గారు అభిప్రాయపడ్డారు. అప్పటి నుంచి ప్రతి అధికారీ మరమ్మతు తరువాత మిగిలిన సామాను పంపి తీరాలని సవరణ వచ్చింది. జిల్లా ఆఫీసులో అద్దాల బీరువా ఒకటి పెట్టి, మండలం పేరుతో చీటీలు అంటించారు. పక్క మండలం డాక్టరు గారు ఒకే విడతలో ఒక స్టీరింగ్ చక్రం మిగిల్చారని తెలిసి మిగతావాళ్ళు సిగ్గుపడ్డారు. ఆయన జీపు ఆ నెల కదలలేదు. అయితే కదలిక వేరే పత్రంలో రాయాల్సిన విషయం.

నిజం చెప్పాలి. రెండో నెలలో ఇందుమతి కాస్త మురిసిపోయింది కూడా. ఏడు వస్తువులు మిగిల్చింది. వాటిలో ఒక స్ప్రింగు ఉంది. జీపు గుంతల్లో పడ్డప్పుడు ఇంతకుముందు రాని చప్పుళ్ళు వస్తున్నా, చప్పుడు వస్తే వచ్చింది, నడుస్తోంది కదా అనుకుంది. బుచ్చిరాములు ఏమీ అనలేదు. అనకూడదు కదా. గేటు ఎదురుగా మెకానిక్ షెడ్డు కనిపించడం నిబంధనలకు విరుద్ధమని తనిఖీలో తేలడంతో, గేటుకు అడ్డంగా టార్పాలిన్ పరదా కట్టించారు. పరదా అవతల నుంచి జహంగీర్ సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉండేది. దాన్ని ఏం చేయాలో సర్క్యులర్లో లేదు.

మూడో నెలలో ఆమె డీజిల్ ఫిల్టర్ విప్పి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ బిగించింది. ఏమీ మిగల్లేదు. ఆమె చేసిన పనుల్లో అన్నిటికన్నా నీటుగా జరిగింది అదే. జీపు మాత్రం స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే ఇంజను గిరగిరా తిరుగుతుంది, అంటుకోదు. అదే రోజు మధ్యాహ్నం గొంతువాపు టీకా మందు వచ్చింది.

గొంతువాపు సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట. తొలకరి పడ్డాక గేదెలకు వచ్చే జబ్బు అది. పొద్దున గొంతు వాచి గురక మొదలవుతుంది, మరునాటికి గేదె ఉండదు. వానలకు ముందే టీకా వేయాలి. ఎనిమిది ఊళ్ళలో వెయ్యిన్నూట నలభై గేదెలు ఉన్నాయి. అందులో ఎర్రకుంటపల్లి సాయమ్మకు ఉన్నది ఒక్కటే, అదీ చూడిది. సాయమ్మకు మొగుడు లేడు, దున్నుకోను చెలక లేదు. ఆ గేదె పాలు రోడ్డు మీది చాయ్ హోటలుకు పోసి బతుకుతుంది. ఈసారి సూది ఎప్పుడేస్తారని ఆమె అప్పటికే రెండుసార్లు నడిచి వచ్చి అడిగి పోయింది. మబ్బులు పడమటి దిక్కున కూడుకుంటున్నాయి. పది రోజులకు మించి టైము లేదని బుచ్చిరాములు అన్నాడు. అది మబ్బుల గురించి కనుక అనవచ్చు.

మొదటి రోజు ఐసు పెట్టె పట్టుకుని ఇందుమతి బస్సులో వెళ్ళింది. బస్సు నాలుగు ఊళ్ళు చుట్టి, దారిలో పెళ్ళివారిని ఎక్కించుకుని, ఊరు చేరేసరికి ఐసు నీళ్ళయింది, మందు వేడెక్కింది. వేడెక్కిన మందు నీళ్ళతో సమానం. డెబ్బై గేదెల మందు పారబోసి ఆమె తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. స్ప్రింగు మిగిల్చి మురిసిపోయిన మనిషి తనేనా అనుకుంది.

మరునాడే పురుషోత్తంరావు గారి దగ్గరకు పరిగెత్తి, ఒక్కసారికి మెకానిక్కును పిలవనివ్వమని, కాకపోతే ఆటో అయినా మాట్లాడుకోనివ్వమని బతిమాలింది. శాఖా వాహనం ఉండగా ఆటో ఎక్కితే శాఖా వాహనం చెడిపోయిందని ఒప్పుకున్నట్టవుతుందని ఆయన అన్నారు. ఇక మెకానిక్ విషయం.

“డాక్టర్ గారూ, మెకానిక్ అనేది ఒక మానసిక స్థితి. శాఖాపరంగా మనం ఆ స్థితిని దాటి వచ్చాం. గేదె కడుపులోకి భుజం దాకా చెయ్యి పెట్టే మీకు జీపు కడుపు ఒక లెక్కా?”

“గేదె సంగతి ఐదేళ్ళు చదువుకున్నాను సార్. ఆ తరువాత పదేళ్ళు చేసి నేర్చుకున్నాను.”

“ఆ ఐదేళ్ళ అవసరం గురించి కూడా పైన ఆలోచిస్తున్నారు” అన్నారాయన, ఆమెకు మంచి కబురు చెబుతున్నట్టు.

తిరుగు బస్సులో ఆమె సర్క్యులర్‌ను ఏడోసారి చదివింది. ఎవరికి కేటాయించబడినదో ఆ వ్యక్తి మాత్రమే. వ్యక్తి అన్నారు గానీ డాక్టరు అనలేదు. టీకాల కాలంలో రోజుకూలీ మీద సహాయకులను పెట్టుకునే అధికారం ఆమెకు ఎప్పటి నుంచో ఉంది. బస్సు దిగి, పరదా ఎత్తి, రోడ్డు దాటి, నెలల తరువాత మొదటిసారి జహంగీర్ షెడ్డులో అడుగుపెట్టింది. పది రోజులకు నిన్ను టీకా సహాయకుడిగా వేసుకుంటున్నాను, జీపు నీకు కేటాయిస్తున్నాను, ఇక్కడ సంతకం పెట్టమని కాగితం ముందు పెట్టింది.

జహంగీర్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. “బర్రె దగ్గరికి నేను రాను మేడం. సూదంటే నాకు చిన్నప్పటి నుంచి భయం. బండి దగ్గరికైతే వస్త.”

“నువ్వు బండి దగ్గరికే రా భాయ్. గేదెల దగ్గరికి నేను పోతా.”

సంతకం తడి ఆరకముందే అతను జీపు దగ్గర ఉన్నాడు. ఒకసారి తాళం తిప్పించి విన్నాడు. “డీజిల్ పైపుల గాలి పట్టింది. ఇగ ఎట్ల అంటుకుంటది” అని, ఒక చిన్న స్క్రూ వదులుచేసి, పక్కనున్న చేతి పంపును నొక్కుతూ పోయాడు. బుడగలు బుడగలుగా నురగ వచ్చి, ఆ తరువాత వట్టి డీజిలు వచ్చింది. స్క్రూ బిగించి తిప్పమన్నాడు. జీపు అంటుకుంది. మొత్తం పావుగంట పని. బీరువాలో ప్రదర్శనకు వెళ్ళిపోయిన స్ప్రింగు, నట్లు, వాషర్ల బదులు తన డబ్బాలోంచి తీసి బిగించడానికి ఇంకో గంట పట్టింది. ఇంతకాలం ఊపుకోలేకపోయిన తలను బుచ్చిరాములు ఆ గంటలో కసిదీరా ఊపుకున్నాడు.

ఆరు రోజుల్లో ఎనిమిది ఊళ్ళు తిరిగారు. ఇందుమతి సూదులు వేసింది, బుచ్చిరాములు కొమ్ములు పట్టాడు, జీపు కేటాయించబడిన వ్యక్తి జీపులోనే కూర్చుని అటువైపు చూడకుండా బీడీ కాల్చుకున్నాడు. సాయమ్మ గేదెకు సూది వేసిన మూడో రోజున తొలకరి పడింది. ఆ ఏడు దుబ్బలపేట మండలంలో గొంతువాపుతో ఒక్క గేదె కూడా పోలేదు. ఆ వాన చప్పుడు వింటూ ఇందుమతి ఎన్నాళ్ళకో కడుపునిండా భోజనం చేసింది.

కానీ పత్రం నింపాలి కదా. అందులో రెండే గడులు ఉన్నాయి. వాహనం ఎవరికి కేటాయించబడినది? షేక్ జహంగీర్. ఆ వాహనంతో వేసిన టీకాలు ఎన్ని? వెయ్యిన్ని డెబ్బై. సూది ఎవరు వేశారన్న గడి లేదు.

ఆ పత్రం కమిషనర్ గారి బల్ల మీదికి చేరింది. పశువైద్యం చదవని వాడు, అసలు బడి మొహమే సరిగ్గా చూడని వాడు, ఆరు రోజుల్లో వెయ్యి పైచిలుకు గేదెలకు టీకా వేశాడు, ఒక్కటీ చావలేదు. డాక్టర్లున్న మండలాల్లో, జీపులు కదలని కారణంగా, టీకాలు సగం కూడా పడలేదు. దీన్నుంచి తేలేది ఏమిటో అంత చదువుకున్న మనిషికి వేరే చెప్పాలా? కమిషనర్ గారు మూడు రోజులు తలుపు వేసుకుని ఆలోచించారట.

జహంగీర్‌ను జిల్లా కేంద్రానికి పిలిపించి శాలువా కప్పారు. అతను మైకు ముందు నిలబడి, సూది తను వేయలేదని, మేడమే వేసిందని, తనకు సూదంటే భయమని ఉన్న మాట చెప్పాడు. సభికులు ఆ వినయానికి చప్పట్లు కొట్టారు. అదే వేదిక మీద కమిషనర్ గారు రెండో పథకం ప్రకటించారు. పేరు ‘మన పశువు - మన చెయ్యి’. పశువుకు చికిత్స దాని యజమాని మాత్రమే చేయవలెను. డాక్టర్లు పది అడుగుల దూరములో నిలబడి యజమానిని ప్రోత్సహించవలెను. ప్రోత్సాహక వాక్యములు అనుబంధములో ఇవ్వడమైనది.

ఇందుమతి ఆ అనుబంధం చదివింది. ‘మీరు చేయగలరు’ మొదటి వాక్యం. ‘ఇంకొంచెం ప్రయత్నించండి’ రెండోది. మొత్తం పన్నెండు ఉన్నాయి. మొదటి సర్క్యులర్ చదివిన రోజు తను తేలిగ్గా తీసుకుని ఊరుకోకుండా ఉండాల్సిందని ఆమెకు ఇప్పుడు అర్థమైంది. అప్పుడు పోయింది జహంగీర్ పని కనుక, ఆమెకు అది వట్టి తమాషాగా కనిపించింది.

ఆ నెలలోనే ఒక పొద్దుటిపూట పురుషోత్తంరావు గారు పథకం అమలు చూడటానికి దుబ్బలపేట వచ్చారు. ఆయన చాయ్ తాగుతుండగా సాయమ్మ తన గేదెను ట్రాలీలో వేయించుకుని తెచ్చింది. తెల్లవారుజాము నుంచి నొప్పులు పడుతోందట. దూడ ముందుకాలు ఒకటే బయటికి వచ్చి ఆగిపోయింది. తల లేదు. పది అడుగుల దూరం నుంచే ఇందుమతికి తెలిసిపోయింది. లోపల దూడ తల వెనక్కి మళ్ళి ఉంది. ఆలస్యమైతే దూడా మిగలదు, తల్లీ మిగలదు.

పురుషోత్తంరావు గారు ఉత్సాహంగా లేచి, శాఖ ముద్రించిన కరపత్రం సాయమ్మ చేతికిచ్చారు. చదువు రాదని ఆమె అంటే తనే చదివి వినిపించారు. మూడో పేరా, యజమాని కుడిచేతిని మోచేతి వరకు సబ్బుతో కడుగుకొనవలెను. సాయమ్మ కడుక్కుంది. నాలుగో పేరా, చేతిని మెల్లగా లోనికి పోనిచ్చి దూడ తల యొక్క స్థితిని గ్రహించవలెను. సాయమ్మ భయం భయంగా చెయ్యి పెట్టి, తడిమి, తీసేసింది. ఏది తలో ఏది కాలో తనకేం తెలుస్తలేదంది. ఆయన ఇందుమతి వైపు చూసి, ప్రోత్సహించమని సైగ చేశారు.

“మీరు చేయగలరు” అంది ఇందుమతి.

గేదె మోకాళ్ళ మీద కూలబడింది. దాని కన్ను తేలిపోతోంది. సాయమ్మ రక్తం అంటిన చెయ్యిని అలాగే పట్టుకుని ఇందుమతి వైపు తిరిగింది. ఏడవలేదు, అరవలేదు.

“నాకు రాదు మేడం. నీకొస్తది. నీకొచ్చిన పని నువ్వు చెయ్యక, నాతోని ఎందుకు చేపిస్తున్నవ్?”

ఇందుమతి గాజులు తీసి బుచ్చిరాములు చేతికిచ్చింది. పది అడుగులు నడిచింది. డాక్టర్ గారూ, ఇది ఉల్లంఘన కిందికి వస్తుంది, నేను టైము రాసుకోవలసి ఉంటుంది అని పురుషోత్తంరావు గారు నొచ్చుకుంటూ అన్నారు. రాసుకోండి సార్ అంది ఆమె, అప్పటికే భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, కళ్ళు మూసుకుని. దూడను వెనక్కి నెట్టి, చోటు చేసుకుని, మూతిని అరచేతిలోకి తీసుకుని తలను ముందుకు తిప్పింది. రెండో కాలు వెతికి పట్టింది. తాడు వేసి, గేదె ముక్కినప్పుడల్లా లాగమని బుచ్చిరాములుకు చెప్పింది. ఇరవై నిమిషాల తరువాత పెయ్యదూడ నేల మీద పడి తుమ్మింది. సాయమ్మ అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని అప్పుడు ఏడ్చింది. ఇందుమతి కూడా ఏడ్చింది. పురుషోత్తంరావు గారు టైము రాసుకున్నారు.

వారం తిరగకుండా మెమో వచ్చింది. తనది కాని పశువుకు చికిత్స చేసి, యజమాని స్వావలంబనకు తీరని విఘాతము కలిగించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.

ఇందుమతి ఆ రోజే జవాబు రాసి పంపింది. తల్లీ దూడా బతికాయి, రెండూ మేత మేస్తున్నాయి అని, అంతే రాసింది.

జిల్లా ఆఫీసు నుంచి రాజధానికి, రాజధాని నుంచి జిల్లా ఆఫీసుకు తిరిగి ఆ కాగితం రెండు నెలలకు వెనక్కి వచ్చింది. మార్జినులో ఎర్ర సిరాతో రాసి ఉంది. సంజాయిషీ క్షుణ్ణంగా పరిశీలించబడినది. అడిగిన విషయమునకు సంబంధించిన సమాచారమేదీ ఇందులో లేనందున తిరస్కరించడమైనది.